సన్నడుగు

పైడితల్లి ఎడమకన్ను తీర్పుమర త్రినేత్రికి అప్పగించి, కుడికన్ను తన దగ్గరే ఉంచుకుంది. తీర్పుగదిలో డ్యూటీ ఎక్కేముందు రోజూ చేసే పనే. ఎడమకంట్లో, సముద్రం మీద తేలే మైదానంలోని ఆటగాళ్ళ చలనరేఖలన్నీ పచ్చగా పాకుతాయి. కుడికంటికి మామూలు విశాఖ సముద్రం, మామూలు ఎండ.

బేస్‌బాల్ ఆఖరాట ముగింపుకొచ్చింది. ఉక్కునగరం పిచర్ చిన్నమ్ములు బ్యాటర్‌కి బంతి వేయబోతున్నట్టే మోకాలెత్తి, చటుక్కున తిరిగి మొదటి బేసుకు విసిరింది. బేసు వదిలి ముందుకు జరిగిన రన్నర్ వెనక్కి దూకేలోపే అవుటయ్యాడు. ఆ అవుట్ నిలిస్తే కప్పు ఉక్కునగరానిదే.

అలా విసరడం తప్పేం కాదు. కాకపోతే పాదం ముందు ఆ బేసు వైపు పడాలి, ఆ తరవాతే బంతి చెయ్యి వదలాలి. అడుగు పడకుండా విసిరితే దగా. దగా చేసిన పిచర్‌కి బతికున్నంతకాలం మైదానం మూత.

"దగా," అంది త్రినేత్రి. "పూర్వప్రమాణం: పైడితల్లి చలనం. సమ్మతి తెలపండి."

ఆ పేరు వినగానే ఆమెకి ఎప్పటిలాగే ఒళ్ళు మండింది. ఆవిడా ఒకప్పుడు ఇలాగే విసిరింది. ఆ రోజు సముద్రం మీద పొగమంచు కమ్మి త్రినేత్రికి పాదం కనపడలేదు. అందుకని ఆవిడ సొంత జట్టులోనే, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ సన్యాసిరావుని అడిగారు. అతను సాక్షిపలక మీద చెయ్యి పెట్టి, అడుగు పడలేదన్నాడు. ఆవిడకి మైదానం మూతపడి, ఈ తీర్పుగది కొలువే మిగిలింది. కెప్టెన్ కుర్చీ కోసం కళ్ళారా చూసిన అడుగుని మింగేశాడు. ఆ ఒక్క పలుకునే కొలబద్ద చేసుకుని త్రినేత్రి ఇప్పటిదాకా ఎందరు పిచర్లని ఇంటికి పంపిందో.

ఇప్పుడా సన్యాసిరావే ఉక్కునగరం కోచ్. చిన్నమ్ములు అడుగు పడిందని కుడికంటికి స్పష్టంగా తెలిసింది. అయినా పైడితల్లి బొటనవేలు సమ్మతి మీటమీదికే వెళ్ళింది. వాడి కప్పు పోతుంది, వాడి శిష్యురాలు పోతుంది. ఉసూరుమంటూ ఇంటికి పోతాడు, తనలాగే.

తలుపు తోసుకుని అతనే వచ్చిపడ్డాడు. తీర్పు పడేలోగా కోచ్ ఒకసారి మొరపెట్టుకోవచ్చు.

"పైడీ, నీకు దండవెడతాను. పిల్లది దగా సెయ్యలేదు. దాని బతుకు తీసీకమ్మా."

ఆవిడ వేలు ఆగింది. జాలితో కాదు, అంతకంటే రుచైన సంగతి తోచింది.

"నాతో అంటే ఏటి లాభం? పలక మీద సెయ్యెట్టి సెప్పు."

సన్యాసిరావు ఆదరాబాదరాగా చెయ్యి పెట్టాడు. "అడుగు పడింది. సన్నడుగది, ఎత్తిన మోకాలి సాటున పడతాది. మరకి అందదు. క్యాచర్‌గా నాను ఎన్నిసార్లు సూసినానో!"

"ఎవరి దగ్గర సూసినావు?"

అతను కిటికీలోంచి కప్పు వైపు చూశాడు. జనం ఉక్కునగరం పేరే అరుస్తున్నారు.

"నీ దగ్గరే. ఆ రోజు నీ అడుగూ పడింది. సాలా? ఇంక తీర్పు సెప్పు."

పైడితల్లి అసమ్మతి మీట నొక్కింది. ఆ మీట నొక్కిన తీర్పరి అంతవరకూ ఎవరూ లేరు.

త్రినేత్రి అంది: "సాక్షి ఒకరు. పలుకులు రెండు. పునస్తీర్పు మొదలు." గోడమీద ఒక్కొక్క మైదానం తెర ఆరిపోతూ వచ్చింది. ఆ పాత పలుకు మీద నిలిచిన తీర్పులన్నీ కూలుతున్నాయి. కింద చిన్నమ్ములుని భుజాలమీదికి ఎత్తుకున్నారు. ఆఖరున వెలిగింది సన్యాసిరావు పేరు, ఎర్రగా: కపటసాక్షి. జీవితకాలం మైదానం మూత.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

"ఎంత పని సేసినావే పైడీ!"

"నువ్వడిగిందే సేసినాను. నీ జట్టు గెలిసింది." ఇన్నేళ్ళలో ఆమెకి అంత హాయిగా ఎన్నడూ లేదు. లేచి తలుపు బార్లా తీసింది. "ఇంక నడు. మెట్లు జాగర్త, అడుగు సూసుకుని ఎయ్యి."