సూది పట్టుకున్న అడుగులు

ఆదివారం మధ్యాహ్నం. సెలవు కదా, లిఫ్టు ఆపేశారు, ఏసీలు కట్టేశారు. భవనం మొత్తంలో మనిషి అలికిడి లేదు. నేలమాళిగలోని మైక్రోస్కోపుకు కావలసిందీ అదే. దాని సూది సిలికాన్ పలక మీద తగిలీ తగలనట్టు తిరుగుతుంది. పక్కన ఎవరు నడిచినా అదిరి, తెర మీది బొమ్మలో అడ్డంగా ఓ తెల్లగీత పడుతుంది.

అందుకే పిచ్చుక కుర్చీలోంచి కదలడం లేదు. ఆ పరిశోధక విద్యార్థినికి ఆ పేరు పెట్టింది సీనియర్ అక్క. పలకను కప్పి ఉన్న హైడ్రోజన్‌లోంచి, సూదితో చిన్న కరెంటు దెబ్బ కొట్టి ఒకే ఒక్క పరమాణువును ఊడగొట్టడం నేర్పిందీ అక్కే. "చోటు ఖాళీ చేశావంటే ఊరుకోదే పిచ్చుకా, ఏదో ఒకటి వచ్చి అతుక్కుంటుంది," అని నవ్వేది. కుంటికాలు ఈడ్చుకుంటూనే గదంతా కలియదిరిగేది.

అక్క పోయి నెలయింది. రేపు పత్రికకు పంపాల్సిన పరిశోధన వ్యాసంలో సగం పని ఆమెదే. "పోయినవాళ్లకి పేరెందుకమ్మా? నీ ఒక్కదాని పేరే ఉంటే ఉద్యోగం ఖాయం," అన్నారు గైడు సారు. పిచ్చుక అక్క పేరు తీసేసింది. సిగ్గేసింది, అయినా తీసేసింది. ఇక చివరి బొమ్మ ఒక్కటే మిగిలింది.

కరెంటు దెబ్బ కొట్టింది. పరమాణువు ఊడిన చోట చుక్క మెరిసింది.

బొమ్మ సగం వచ్చేసరికి తెల్లగీత పడింది. లావుగా. దాని కింద ఇంకోటి, సన్నగా. మళ్లీ లావు... మళ్లీ సన్నం...

చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. అక్క కాలికి రాసుకునే నొప్పిమందు వాసన మాత్రం గుప్పుమంది.

ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలిగ్గా. గీతలు ముదురుతున్నాయి. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"అక్కా... నువ్వేనా?"

గీతలు ఆగిపోయాయి. మెడ వెనక చల్లగా ఊపిరి తగిలింది.

వెనక్కి తిరగలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, వ్యాసంలో అక్క పేరు పైన, తన పేరు కింద పెట్టింది. "తప్పైపోయిందక్కా... వెళ్లిపో."

చలి పోయింది. వాసనా పోయింది. హమ్మయ్య అనుకుంది. సూదిని ఆపే ఓపిక కూడా లేక, లేచి నాలుగంగల్లో తలుపు దాటింది.

బయటి గదిలోనూ అదే బొమ్మ చూపే తెర ఒకటుంది. ఇప్పుడు తాను వేసిన నాలుగడుగులూ నాలుగు గీతలై అందులో పడ్డాయి. పిచ్చుక కాళ్లు రెండూ లక్షణంగా ఉన్నాయి, ఏనాడూ కుంటలేదు.

లావు. సన్నం. లావు. సన్నం.