విమానం దిగాక మూడు గంటలు

పైలట్ల సమ్మె మొదలై ఆరో రోజు. పొద్దున్నే గొడుగు కోసం కారు డిక్కీ తెరిచిన కెప్టెన్ గారి భార్యకి అందులో ఒక దిండు, ఒక దుప్పటి, అలారం గడియారం కనిపించాయి. గొడుగు సంగతే మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

అనుమానం ఇవాళ్టిది కాదు. మొగుడి విమానం ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోవడం ఆవిడకి పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. అది క్షేమంగా దిగితే గానీ ఆవిడకి ముద్ద దిగదు. రెండు నెలలుగా ఆ ఫోనే ప్రాణం తోడేస్తోంది. విమానం ఆరింటికే దిగుతోంది, మనిషి మాత్రం పదింటికి గుమ్మం ఎక్కుతున్నాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి ముప్పావుగంట దారి! అడిగితే ఏవో కాగితాల పని అంటాడు.

దిండు చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. కెప్టెన్ గారు యూనియన్ ఆఫీసుకి వెళ్ళడానికి యూనిఫాం వేసుకుంటున్నారు.

"ఇదెవరిదండీ?"

"నాదే. అప్పుడప్పుడూ కారులో నడుం వాలుస్తుంటా."

"ఇంట్లో ఇంత మంచం పెట్టుకుని కారులోనా? ఒక్కరేనా?"

హాల్లో అత్తగారు చదువుతున్న పేపరు దించింది. "ఏంట్రా ఇది?"

"అమ్మా, నువ్వు కాస్త అటు వెళ్ళు."

"నేనెందుకెళ్తాను? అసలు సంగతి ఇప్పుడేగా మొదలైంది!"

"రెండు నెలలుగా చూస్తున్నాను," అంది ఆవిడ. "విమానం దిగాక మూడు గంటలు ఎక్కడుంటున్నారు? ఇప్పుడు సమ్మె పేరు చెప్పి రోజూ ఎక్కడికెళ్తున్నారు? నిజం చెప్పండి."

అతను సగం గుండీలు పెట్టుకున్న చొక్కాతోనే మంచమ్మీద కూలబడ్డాడు.

"రెండు నెలల కిందట వరసగా నాలుగో డ్యూటీ. తెల్లారబోతోంది. కళ్ళు తెరిచేసరికి పక్కన కో-పైలట్ కూడా నిద్రపోతున్నాడు. ఎంతసేపు పడుకున్నామో ఇద్దరికీ తెలీదు. వెనక నూట డెబ్బై మంది."

"ఆ రోజు నేను ఫోన్‌లో చూస్తూనే ఉన్నానుగా! విమానం బొమ్మ తిన్నగానే వెళ్ళింది."

"ఆటోపైలట్ మీద ఉంది కదా, దానంతటదే తిన్నగా వెళ్తుంది."

ఆవిడ దిండు తెచ్చి అతని పక్కన పెట్టింది.

"అప్పట్నుంచీ డ్యూటీ దిగి కారు నడపాలంటే భయం. పార్కింగ్‌లోనే మూడు గంటలు పడుకుని వస్తున్నా. నీకు చెబితే ఇంకెప్పుడూ నీకు ముద్ద దిగదని చెప్పలేదు. అందరూ జీతాల సమ్మె అంటున్నారు. జీతమూ అడుగుతున్నాం, కాదనను. నేను సమ్మెలోకి దిగింది మాత్రం నిద్ర కోసం. పదకొండింటికి చర్చలు. నిద్ర చాలడం లేదని ఒక్కరైనా రాసిచ్చారా అని యాజమాన్యం అడుగుతోంది. ఆ రోజు విమానంలో నిద్రపోయానని నేను రాసిస్తే లైసెన్సే పోవచ్చు. ఈ ఆరు రోజులూ అదే ఆలోచన, కంటిమీద కునుకు లేదు."

ఆవిడకి సిగ్గుతో ఏడుపొచ్చింది. రెండు నెలలు అతని చొక్కాలు వాసన చూసింది, జేబులు వెతికింది. కళ్ళ కింద నల్లటి చారలు రోజూ ఎదురుగానే ఉన్నా, ఒక్కసారైనా నిద్రపోయారా అని అడగలేదు.

"రాసెయ్యరా," అంది తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

"రాయండి," అంది భార్య. "పోతే పోనివ్వండి. ఏదోటి చేసుకుని బతుకుదాం. ముందు తాళాలివ్వండి, కారు నేను నడుపుతాను."

అరగంటలో కాగితం రాసి జేబులో పెట్టుకున్నాడు. కారు రెండో సిగ్నల్ దాటకముందే అతనికి నిద్ర పట్టేసింది. ఆవిడ గుంతల్లో కుదుపు తగలకుండా మెల్లగా పోనిచ్చింది.

యూనియన్ ఆఫీసు ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకున్న పైలట్లు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన గబగబా వచ్చి అద్దం మీద కొట్టబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, అద్దం కొంచెం దించింది.

"పదకొండుకి ఇంకా పది నిమిషాలుంది అన్నయ్యగారూ," అంది కళ్ళనీళ్ళతో. "పడుకోనివ్వండి."