నిద్రపోని సీటు

"మూడింటికల్లా సాక్షిని విమానం ఎక్కించు. ఇంకొకడు చస్తే కేసు మూసెయ్యాల్సిందే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఓరెస్ట్ ఫోన్ పెట్టేశాడు. కెనడాలోని విన్నిపెగ్‌లో చలి మైనస్ ముప్ఫై నాలుగు డిగ్రీలు. నెలలో రెండుసార్లు అతని కారు బ్యాటరీ దిగిపోయింది. రెండుసార్లూ అతను వెళ్ళేలోపే విదేశీ ముఠా ఒక్కో సాక్షిని చంపేసింది. దాచిన ఇల్లు వాళ్ళకెలా తెలిసిందో అంతుపట్టలేదు.

గ్యారేజీలో మెకానిక్ పెన్నర్ అతని కారు బానెట్ ఎత్తాడు. "బ్యాటరీ కొత్తదే. చార్జింగ్ బానే ఎక్కుతోంది. ఇంజిన్ ఆపాక ఏదో తాగేస్తోందయ్యా."

బ్యాటరీ మైనస్ వైరు విప్పి మధ్యలో కరెంటు కొలిచే మీటర్ పెట్టాడు. "తలుపు ముట్టుకోకు. అరగంటలో కారు నిద్రపోతుంది. అప్పటికీ మేలుకున్నవాడే దొంగ."

అరగంటయ్యాక యాభై మిల్లీఆంప్స్ చూపాల్సిన మీటర్ ఆరువందలు చూపింది. పెన్నర్ ఒక్కో ఫ్యూజూ పీకాడు. పదకొండోది పీకగానే అంకె నలభైకి పడింది.

"సీటు హీటర్. తాళం తీస్తే ఆగే వైరుకి కలపాలి దీన్ని. ఎవడో ఎప్పుడూ కరెంటుండేదానికి కలిపాడు."

"ఎవడో కాదు," అన్నాడు ఓరెస్ట్.

పదకొండేళ్ళు తన పక్కన పనిచేసిన మిరేయ్. అతని భార్య పోయిన వారానికి ఆ హీటర్ కవరు తెచ్చి, "నీ నడుము చూసుకునేవాళ్ళు లేరుగా," అంటూ తనే బిగించింది. ఆ మాటకి అతను ఏడ్చాడు. ఇప్పుడు ఆ ఏడుపు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

కవరు కుట్టు విప్పితే అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్, కారు ఎక్కడికెళ్తే ఆ జాడ ముఠాకి పంపేది.

రెండింటికి మిరేయ్ గ్యారేజీకి వచ్చింది. ఎర్ర స్కార్ఫ్, తెల్ల కోటు, అదే నవ్వు.

"బండి మళ్ళీ పడుకుందా, ముసలోడా?"

"పడుకుంది. నీ బండిలో వెళ్దాం. సాక్షి మన వెనకే వస్తాడు." ఓరెస్ట్ ట్రాన్స్‌మిటర్ లోపలే ఉన్న ఆ కవరుని ఆమె కారు సీటు మీద పరిచి, ప్లగ్గు గుచ్చాడు. "ఇవాళ నువ్వు వెచ్చగా కూర్చో."

ఆమె నవ్వు ఆగిపోయింది. "వంతెన మీంచి వద్దు. మంచుంది."

"వంతెన మీంచే."

వంతెన దగ్గరపడేకొద్దీ ఆమె బండి వేగం తగ్గిస్తూ పోయింది. ఇంకో కారు పొడవు దూరం ఉందనగా బ్రేకు తొక్కేసింది.

"వంతెన కింద బాంబుంది. ఈ సిగ్నల్ వంతెన ఎక్కితే దానంతటదే పేలుతుంది."

ఓరెస్ట్ ప్లగ్గు పీకి, ఆమె చేతులకి బేడీలు వేశాడు. సాక్షి అప్పటికే, చెడిన బండ్లు లాక్కెళ్ళే పెన్నర్ టో ట్రక్కులో వేరే దారిన విమానాశ్రయం చేరాడు.

"ఎందుకు చేశావని అడగవా?"

"అడగను."

ఆ చలికాలం బ్యాటరీ మళ్ళీ దిగలేదు. నడుమే, రోజూ పొద్దున్నే పట్టేసేది.