క్యారీకి వచ్చిన కొండమిడత

వినీత్ పెట్టిన ఫోటోకి జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయి కామెంట్ పెట్టింది. "అబద్ధం" అని.

ఫోటోలో ఉన్నది మిడత. అమెరికాలో తను ఉండే క్యారీ ఊళ్ళో, తన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దొరికితే ఫోటో తీసి, పురుగులను గుర్తుపట్టే యాప్‌లో పెట్టాడు. యాప్ దాన్ని "చాలా అరుదైనది" అంది. ఆఫీసులో ఏడాదిగా ఎవరూ మెచ్చుకోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అది తననే అన్నట్టు పొంగిపోయాడు.

కామెంట్ పెట్టిన స్మృతి మిడతల మీద పీహెచ్‌డీ చేస్తోంది. అబద్ధం నిరూపించడానికి స్వయంగా వచ్చి, అతను మిడతని ఉంచిన సీసాలోకి చూసి నోరు తెరిచింది.

"నిజంగా అదే! కానీ ఇది పడమటి కొండల మీదనే ఉంటది. రెక్కలు గూడ లేవు. నాలుగు గంటల దూరం ఎట్లొచ్చింది, క్యాబ్ బుక్ చేసుకొనా?"

"ఇక్కడ స్కూళ్ళు బాగుంటాయని వచ్చిందేమోనండీ."

స్మృతి నవ్వకూడదనుకుంది. కుదరలేదు.

ఇంకొకటి దొరికితే ఆ మిడత ఎక్కడెక్కడ ఉంటుందో చూపే మ్యాపే మారిపోతుంది, ఆమె థీసిస్ దశ కూడా తిరుగుతుంది. అందుకని ప్రతి శనివారం ఇద్దరూ అపార్ట్‌మెంట్ గడ్డిలో మోకాళ్ళ మీద పాకారు. వాకింగ్‌కి వచ్చిన ధర్మారావు అంకుల్ ఆగాడు.

"ఏం పోయిందమ్మా, ఉంగరమా?"

"మిడత, అంకుల్."

ఆయన మళ్ళీ అటువైపు వాకింగ్‌కి రాలేదు.

ఒక శుక్రవారం వినీత్ కారు డిక్కీలోంచి టెంట్ తీసి దులిపాడు. ఎండుగడ్డితో పాటు అలాంటి మిడతే ఇంకొకటి చచ్చి రాలింది. పార్కింగ్‌లో మిడత దొరకడానికి ముందురోజే అతను కొండల్లో క్యాంపింగ్ చేసి వచ్చాడు. ఆ మహాతల్లి తన కారులోనే దిగిందన్నమాట!

చెబితే శనివారాలు పోతాయి. చెప్పకపోతే ఆమె థీసిస్‌లోకి తప్పు ఎక్కుతుంది. కాసేపు తిట్టుకుని ఫోన్ చేశాడు.

"ఇన్ని వారాలు నన్ను గడ్డిలో పాకించిన్రా! ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడేనండీ. దాచేద్దామని ఓ పది నిమిషాలు అనుకున్నాను."

"ఎందుకు?"

"రేపట్నించి మీరు రారు కదా."

అవతల మ్యాప్ విప్పిన చప్పుడు వినిపించింది.

"టెంట్ ఏ కొండ మీద వేసిన్రు?"

చెప్పాడు.

"అక్కడ ఇది ఉన్నట్టు ఇప్పటిదాకా ఎవ్వరికీ తెల్వదు. రేపు పొద్దున్నే రెడీగా ఉండున్రి. డ్రైవింగ్ మీదే, అది శిక్ష."

వాళ్ళు కొండెక్కేసరికి జల్లు వెలిసింది. ఎండ తగలగానే గడ్డి నిండా మిడతలు గెంతడం మొదలుపెట్టాయి. స్మృతి అతని చెయ్యి పట్టుకుంది.

"కదలకు! తొక్కుతవ్!"

"కదలను. స్మృతీ, ఒక మాట చెప్పనా?"

"మెల్లగ చెప్పు."

"నువ్వంటే నాకు ఇష్టం. మిడతలంటే మాత్రం ఇంకా కాదు."

ఆమె గడ్డి మీంచి చూపు తిప్పలేదు. చెయ్యీ వదల్లేదు.

"మిడతల సంగతి నేను నేర్పిస్త. మొదటిది మాత్రం మళ్ళొకసారి చెప్పు."