ఎనిమిది నిమిషాల చప్పుడు

జనవరి 2014. మంగళవారం. ఉదయం 5.50.

రాయపూర్‌లో రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో సారమ్మ తన క్వార్టర్ తలుపు తీసింది. వాకిట్లో కారు పక్కన ఆమె భర్త వెల్లకిలా పడి ఉన్నాడు.

పేరు జోసెఫ్. వయసు యాభై ఎనిమిది. వ్యాగన్ వర్క్‌షాపులో ఎయిర్‌బ్రేకుల సెక్షన్లో సీనియర్ టెక్నీషియన్. తల కింద సిమెంటు మెట్టు. మెట్టు అంచున రక్తం. కుడికాలి పక్కన కాలితో తొక్కే కొత్త గాలిపంపు. దాని గొట్టం ముందు ఎడమ టైరు వాల్వుకి తగిలించి ఉంది. పంపు మీటర్లో ముల్లు ముప్పై దగ్గర నిలబడింది.

సారమ్మ చెయ్యి పట్టి చూసింది. చల్లగా తగిలింది.

6.35కి ఎస్.ఐ. ఫణిశ్రీ జీపు దిగింది. ఆ ఊళ్ళోనే, గుఢియారీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. స్టేషన్లో హిందీ, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆమె శవం పక్కన కూర్చునేలోపే స్టేషన్ ఇన్‌చార్జి నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద వయసు, చలి, పంపు తొక్కే శ్రమ, గుండెపోటు. సాయంత్రానికి కాగితాలు ముగించమన్నాడు.

చూసినవాళ్ళందరికీ అలాగే అనిపించింది. కూతురి డ్యూటీ కోసం తెల్లారకుండా టైరులో గాలి కొట్టబోయి, కళ్ళు తిరిగి పడిపోయాడు పెద్దాయన. పోలీసులకి ఇంత సుఖమైన చావు దొరకడం అరుదు. ఫణిశ్రీకి మాత్రం సుఖంగా దొరికిన దేని మీదా నమ్మకం లేదు.

ఆమె నోట్‌బుక్ తీసి మూడు సంగతులు రాసుకుంది.

ఒకటి. శవం మీద స్వెటర్ మెడదాకా గుండీలు పెట్టి ఉంది. పైన మఫ్లర్. పంపు తొక్కే మనిషికి రెండు నిమిషాల్లో చెమట పడుతుంది.

రెండు. వరండా లైటు ఆర్పి ఉంది.

మూడు. కారు కింద టార్చి దొరికింది. స్విచ్ వేసే ఉంది. బ్యాటరీ చావుబతుకుల్లో ఉంది.

లైటు ఆర్పేసి చీకట్లో గాలి ఎవరు కొడతారు?

జోసెఫ్ కూతురు ప్రియాంక ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు గడియ పెట్టింది. ఒకసారి లాగి చూసుకుంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, నర్సు. రోజూ నెత్తురు చూసే మనిషి. అయినా మళ్ళీ వెళ్ళి గడియ లాగి చూసింది.

"మా నాన్న పడిపోలేదు మేడమ్."

"ఎలా తెలుసు?"

"తెలీదు. భయమేస్తోంది, అంతే."

"ఎవరంటే?"

"అదే తెలీదండి. తెలిస్తే ఇంత భయముండదు."

ఫణిశ్రీ మంచం మీద ఆమె పక్కన కూర్చుంది.

"మొదట్నుంచి చెప్పు."

"నెల రోజుల్లో ఏడుసార్లు టైరులో హవా పోయింది మేడమ్. ఎప్పుడూ ముందు ఎడమదే. పంక్చరు వేసేవాడు నీళ్ళలో ముంచి చూశాడు. ఒక్క బుడగ రాలేదు."

"ఏ రోజుల్లో పోయేది?"

"నాకు మార్నింగ్ డ్యూటీ ఉన్న రోజుల్లోనే. ఆరుంబావుకి బయల్దేరాలి. అప్పటికింకా చీకటే."

"నీ డ్యూటీల సంగతి ఎవరికి తెలుసు?"

"హాస్పిటల్లో అందరికీ తెలుసు. ల్యాబ్‌లో క్రిస్టోఫర్ అని ఉన్నాడు. పోయిన నెల వాళ్ళింటివాళ్ళు సంబంధం అడిగారు. నాన్న వద్దన్నారు. గేటు దగ్గర ఇద్దరికీ మాటా మాటా అయింది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంట్లో వంటగది తలుపు మీద లిస్టు అంటించుంటాను. వచ్చిపోయే ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది."

"గాలి పోయిన రోజున ఏం చేసేదానివి?"

"పక్క క్వార్టర్ రఘన్నయ్య తన పంపు తెచ్చి కొట్టేవాడు. రోజూ ఒకరిని బతిమాలడం ఏంటని నాన్న నిన్న మన పంపు మనమే కొనుక్కుందామన్నారు. కొన్నారు. ఇదిగో, ఇలా అయింది." ప్రియాంక ఫణిశ్రీ మణికట్టు గట్టిగా పట్టుకుంది. "సాయంత్రం నాన్నని పాతిపెట్టేస్తారు. గుండెపోటని మీరూ వెళ్ళిపోతారు. పై సోమవారం చీకట్లో నేనొక్కదాన్నే ఆ వాకిట్లోకి వెళ్ళి కారు తియ్యాలి. వాడెక్కడో ఉంటాడు మేడమ్. నన్ను చూస్తూనే ఉంటాడు."

ఫణిశ్రీ కూడా కిటికీ వైపు ఒకసారి చూసింది. పోలీసైతే మాత్రం, ఆడపిల్ల కాకపోతుందా.

మంచినీళ్ళ కోసం ఆమె వంటగదిలోకి వెళ్ళింది. చుట్టాలొచ్చే ఇల్లు కదా, సారమ్మ ఏడుస్తూనే గిన్నెలు సర్దుతోంది. కిటికీ గట్టు మీద పళ్ళెం మూసిన ఒక స్టీలు గిన్నెని సింకులో ఒంపబోయింది. గుప్పున ఆముదం వాసన వచ్చింది.

"ఏమిటమ్మా అది?"

"ఆముదమండీ. రాత్రి ఆయనే పోసి పెట్టుకున్నారు. మోకాళ్ళకి రాసుకోడానికేమో. నేను అడగలేదు." సారమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అక్కడే ఉంచండి."

చనిపోయిన మనిషి ఆఖరున ముట్టుకున్న వస్తువుని సాయంత్రం దాకా కదల్చకపోవడం ఫణిశ్రీ పద్ధతి. సగంసార్లు అది ఎందుకూ పనికిరాదు.

8.10. పక్క క్వార్టర్ రఘు. ముప్పై నాలుగేళ్ళు. తండ్రి సర్వీసులో ఉండగా పోతే, ఆ కోటాలో వర్క్‌షాపు స్టోర్స్‌లో క్లర్కు పని వచ్చింది. పొద్దుటి నుంచి కుర్చీలు తెచ్చింది, టెంటు వేయించింది, పాస్టరుగారికి ఫోన్ చేసింది అతనే. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం విన్నారు?"

"పంపు చప్పుడు మేడమ్. టక్కుమని ఒకటి, ఫుస్సుమని ఒకటి. పళ్ళు తోముకుంటున్నాను."

"ఎప్పుడు?"

"ఐదూ ఇరవై ఐదు నుంచి ఐదూ ముప్పై మూడు. ఎనిమిది నిమిషాలు. పక్కా. ఎదురుగా గోడ గడియారముంది."

"చూశారా?"

"మధ్యలో గోడ కదండీ. చప్పుడే. తర్వాత ఆగిపోయింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడే ఒకసారి తొంగి చూసుంటే అంకుల్ బతికేవారు."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

9.40. క్రిస్టోఫర్.

"ఉదయం ఐదూ నలభైకి మీ బైకు ఈ రోడ్డు మీద పాలవాడికి కనబడింది. ఎందుకొచ్చారు?"

"నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నానండి."

"రిజిస్టర్లో ఆరింటికి దిగినట్టు సంతకం ఉంది."

అతని నుదుటి మీద చెమట కనిపించింది.

"ముందే సంతకం పెట్టి వచ్చేశాను."

"మీ ఇల్లు బీర్‌గావ్‌లో. ఇటెందుకు?"

"ప్రియాంక టైరులో హవా ఎవడో తీస్తున్నాడని ల్యాబ్‌లో అందరూ అనుకుంటున్నారు. నామీదే అనుమానం. వాడెవడో పట్టుకుందామని నాలుగు రోజుల్నుంచి వస్తున్నాను."

"పట్టుకున్నారా?"

"లేదండి. కాసేపు రోడ్డు చివర ఆగి వెళ్ళిపోయాను. లోపలికి రాలేదు. ఒట్టు."

"నమ్మమంటారు."

"నమ్మరని తెలుసు," అన్నాడు క్రిస్టోఫర్. హెడ్ కానిస్టేబుల్ అతన్ని కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. వాకిట్లో జనం అప్పుడే అతని వైపు వేలు చూపిస్తున్నారు.

12.15. దుర్గారావు. జోసెఫ్‌తో ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేసిన ఫిట్టర్. శ్రీకాకుళం మనిషి. నిన్న సాయంత్రం పంపు కొనడానికి ఇద్దరూ కలిసే గుఢియారీ బజారుకి వెళ్ళారు.

"పిల్లని చూడ్డానికెళ్ళినట్టు గంటన్నర చూసినాడండి. కొట్టోడికి విసుగొచ్చేసినాది."

"ఏం చూశాడు అంతసేపు?"

"రెండు సిలిండర్లది తళతళలాడతా ఉంటే నేను అదే తీసుకోమన్నాను. కాలితో తొక్కి చూసినాడు. కింద రేకు వొంగినాది. ఒద్దన్నాడు. ఇంకోదానికి లోపల రబ్బరు వాషర్. ఎండాకాలం కారు డిక్కీలో పడితే పగిలిపోతాదన్నాడు. మూడోది ఇనపది. మొరటుది. గొట్టం మూతికి బొటనవేలు అడ్డెట్టి తొక్కమన్నాడు. మీటర్లో ముల్లు నిలబడిందా, దిగిపోతందా అని చూసినాడు. వాల్వుకి తగిలించే క్లిప్పు పదిసార్లు తీసి ఏసినాడు. ఆడపిల్ల చీకట్లో ఒక్కతే తొక్కాల, అరనిమిషం కూడా మొరాయించకూడదు అన్నాడు." దుర్గారావు తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "దాంట్లో తోలు వాషర్. కొట్లో ఏళ్ళ తరబడి ఉండి ఎండిపోనాది. ఫర్వాలేదు, తోలైతే నేను చూసుకుంటానన్నాడు."

"చూసుకోవడమంటే?"

దుర్గారావు చెప్పాడు. ఫణిశ్రీ రెండోసారి చెప్పించుకుంది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక ఫింగర్‌ప్రింట్ వాళ్ళకి ఫోన్ చేసి, పంపు క్లిప్పు మీద, వాల్వు మీద ముద్రలు తీసుకోమంది.

సాయంత్రం 4.30. పోస్టుమార్టం అయి శవం ఇంటికి వచ్చింది. గంటలో సమాధుల తోటకి బయల్దేరాలి. ముందు గదిలో సారమ్మ, ప్రియాంక, రఘు, క్రిస్టోఫర్, దుర్గారావు ఉన్నారు. ఫణిశ్రీ పంపు తెచ్చి నేల మీద పెట్టింది.

"ముద్రలు తీసుకున్నారు, ఇక ముట్టుకోవచ్చు. రఘుగారూ, ఒక్క చిన్న సాయం. మీరు విన్న చప్పుడు ఇదేనా అని నిర్ధారించుకోవాలి. తొక్కండి."

రఘు చెప్పు సర్దుకుని పంపు మీద కాలు పెట్టాడు. నొక్కాడు.

కాలు ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. అతను ముందుకి తూలాడు. ఖాళీ డబ్బా చప్పుడు వచ్చింది. గాలి రాలేదు.

"ఇంకోసారి."

మళ్ళీ అంతే.

"పాడైపోయిందేమో మేడమ్."

"పాడవలేదు. ప్రియాంకా, వంటగది కిటికీలో గిన్నె ఉంది, తీసుకురా."

గిన్నె వచ్చింది. ఫణిశ్రీ పళ్ళెం తీసి, చెంచాతో ఆముదం అడుగున దేవింది. నల్లని తోలు బిళ్ళ ఒకటి, అంచులు పైకి మడిచినది, నూనె కార్చుకుంటూ పైకి వచ్చింది.

"ఇది ఈ పంపు వాషర్. ఎండిన తోలు వాషర్‌ని ఒక రాత్రంతా ఆముదంలో నానబెట్టాకే బిగించడం బ్రేకుల సెక్షన్ అలవాటట. ముప్పై ఏళ్ళు అక్కడ చేసినట్టే నిన్న రాత్రి ఇంట్లో చేశారు జోసెఫ్‌గారు. పంపుని పైపైన మళ్ళీ బిగించి వరండాలో పెట్టారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. లోపల ప్రాణం లేదు. ఈ పంపుతో ఇవాళ పొద్దున ఎవరూ బుగ్గబూర కూడా ఊదలేరు. మరి ఎనిమిది నిమిషాలు మీరు విన్న ఆ ఫుస్సు ఎక్కణ్ణుంచి వచ్చింది రఘుగారూ?"

రఘు పంపు మీద నుంచి కాలు తీశాడు.

"టైరు నిండుగా ఉంది కదా," అన్నాడు రఘు. "ముప్పై చూపించింది."

"నిన్న సాయంత్రం ప్రియాంక బంకులో కొట్టించిన గాలి అది. మీరింకా తీయలేదు. తీయబోతుండగా టార్చి వెలిగింది. ఏడుసార్లూ గాలి పోయింది మార్నింగ్ డ్యూటీ రోజునే, పంపు వచ్చింది మీ ఇంటి నుంచే. జోసెఫ్‌గారు ఆ లెక్క కట్టారు. ఇంట్లో ఆడవాళ్ళు భయపడతారని ఎవరికీ చెప్పలేదు. లైటు ఆర్పి, మఫ్లర్ చుట్టుకుని, చీకట్లో కాపు కాశారు. చల్లబడ్డ ఒళ్ళు, అయిపోవచ్చిన టార్చి బ్యాటరీ చూస్తే అది మీరు చెప్పిన ఐదూ ఇరవై ఐదు కన్నా చాలా ముందే. గాలి కొడుతూ పడిపోయాడనిపించడానికి, పంపు పని చేస్తుందనుకుని మీరు తగిలించేసి వెళ్ళారు. రోజూ స్టోర్స్‌లో నంబరు చూసి వాషర్లు ఇచ్చేది మీరే. నానబెట్టి బిగించే చెయ్యి మాత్రం మీది కాదు."

రఘు తలుపు వైపు చూశాడు. హెడ్ కానిస్టేబుల్ అక్కడ నిలబడి ఉన్నాడు.

"నేను చంపలేదు. చెయ్యి పట్టుకున్నారు. ఊళ్ళో ఉన్న మా అమ్మతో చెప్తానన్నారు. విదిలించుకున్నాను, అంతే. వెనక్కి పడిపోయారు."

"పడ్డప్పుడు బతికే ఉన్నారా?"

రఘు నేల మీది పంపు వైపు చూశాడు. "మూలిగారు," అన్నాడు.

సారమ్మ నేల మీద కూలబడింది. ఆ మూలుగు వినబడనంత దూరంలో ఏం లేదు ఆమె. ఒక్క తలుపు అవతల నిద్రపోతోంది.

"ఎందుకు చేశారు ఇదంతా?" అని అడిగింది ఫణిశ్రీ.

"గాలి కొడుతుంటే పక్కనే నిలబడేది. టీ తెచ్చిచ్చేది. నాతో మాట్లాడేది." రఘు ప్రియాంక వైపు తిరిగాడు. "నీకు చెడు చెయ్యాలని కాదు."

ప్రియాంక వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. ఏడుసార్లు. చీకట్లో, ఈ మనిషికి అడుగు దూరంలో, తనే టార్చి పట్టుకుని నిలబడింది. ఏడుసార్లూ థాంక్స్ అన్నయ్యా అంది.

రఘుని జీపు ఎక్కించారు. జనం వేళ్ళు అటు తిరిగాయి. క్రిస్టోఫర్ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి శవపేటిక ఒక వైపు పట్టుకున్నాడు.

పై సోమవారం ఉదయం 6.05.

ఆ పంపు, ఆ వాషర్ పోలీసుల దగ్గర సీలు వేసిన సంచిలో ఉన్నాయి. దుర్గారావు గుఢియారీ వెళ్ళి అదే రకం మొరటు పంపు ఇంకొకటి తెచ్చాడు. వాషర్ తన ఇంట్లోనే రాత్రంతా నానబెట్టి, బిగించి, తెల్లారకముందే తెచ్చి వాకిట్లో పెట్టాడు.

ప్రియాంక తలుపు తీసింది. వరండా లైటు వేసింది. గేటు చూసింది, కారు అవతల చూసింది, పక్క క్వార్టర్ కిటికీ చూసింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. అయినా ఇంకోసారి గేటు చూసింది. సారమ్మ గుమ్మంలో నిలబడి కూతుర్ని చూస్తోంది.

టైరులో గాలి కాస్త తగ్గింది. ఎవరూ తీయలేదు. ఆరు రోజులు కదలని బండి, తగ్గుతుంది.

క్లిప్పు తగిలించింది. కాలు పెట్టి నొక్కింది. పంపు బరువుగా ఎదురు తిరిగింది, మెల్లగా లొంగింది. ఫుస్సుమంది. మళ్ళీ నొక్కింది. ముల్లు ఒక గీత కదిలింది.

పది తొక్కుళ్ళకి ఆమెకి చెమట పట్టింది. ఇరవైకి ఏడుపు వచ్చింది. ఆగలేదు.

"నేను రానా?" అంది సారమ్మ గుమ్మంలోంచి.

"వద్దమ్మా. నాన్న బాగా చూసే కొన్నారు. తేలిగ్గానే ఉంది."

తేలిగ్గా లేదు. ముల్లు ముప్పై చేరేసరికి తూర్పున వెలుతురు వచ్చింది.