తులసమ్మ చుట్టూ నీళ్లు

మూడు రోజుల ముసురు కార్తీక సోమవారం ఉదయానికి తెరిపి ఇచ్చింది. సుమతి స్నానం చేసి, ప్రమిదతో పెరట్లోకి వచ్చి ఆగిపోయింది. తులసికోట చుట్టూ మోకాలి లోతు నీళ్లు. దీపం పెట్టే గూడు మునిగిపోయింది.

ఆ కోట రెండిళ్లకూ ఒక్కటే. ఇటు సుమతి పెరడు, అటు తోడికోడలు శాంతిది. మొన్న వేసవిలో సుమతి పట్టుబట్టి తమ వైపు మట్టి తోలించి మెరక చేయించింది. తులసమ్మ మీద మట్టి పడకూడదని కోట చుట్టూ మాత్రం వదిలేయించింది. అదే భక్తి అనుకుంది.

అవతల శాంతి తన వంటింట్లోంచి నీళ్లు తోడిపోస్తోంది.

"పొయ్యి వెలిగించావా శాంతీ?"

"కనపడితే వెలిగిస్తానక్కా. ప్రస్తుతానికి కప్పలు కాపురం పెట్టాయి."

"వానకి ఎవరేం చేస్తాం చెప్పు."

"వాన మీ పెరట్లోనూ కురిసింది కదా. ఆ నీళ్లేవి?"

శాంతి గిన్నె కింద పెట్టింది.

"పిల్లని తీసుకుని అవనిగడ్డ, మా అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీ మరిది బందరు నుంచి రాగానే అక్కడే ఇల్లు చూసుకుంటాం. నీ మీద కోపం కాదక్కా. ఈ తడిలో ఉండలేను."

సుమతి వెనక నుంచి ఆమె భర్త మోహన్ మెల్లగా అన్నాడు. "నీళ్లు కాలవలోకి పోయే బోదె మన వైపే ఉండేది. మట్టి కింద పూడిపోయింది. అప్పుడే చెప్పాను."

"గట్టిగా చెప్పాల్సిందండీ."

"గట్టిగా చెబితే వినేదానివా?"

సుమతి నీళ్లలోకి దిగింది. తులసాకులు పసుపుబారి, ముట్టుకోగానే రాలాయి. అమ్మవారిని గుంటలో వదిలి తను మెరకెక్కి కూర్చుంది. ఆవిడకి మట్టి అంటకుండా చూసింది సరే, ఇన్నాళ్లూ పక్కనే మసిలిన మనిషి సంగతి ఎందుకు తోచలేదు? ఏ పూజలో చెప్పారు ఇలా చేయమని?

ప్రమిద గట్టున పెట్టి పార అందుకుంది. తను నాటుకున్న బంతిమొక్కల మధ్య నుంచే తవ్వడం మొదలుపెట్టింది. మోహన్ గునపం తెచ్చాడు. సంచితో గుమ్మం దిగిన శాంతి కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత సంచి మెట్టు మీద పెట్టింది.

"జరుగక్కా. పార పట్టడం అలా కాదు."

మధ్యాహ్నానికి నీళ్లు కాలవ దారి పట్టాయి. దీపం గూడు బురదతో బయటపడింది. సుమతి దాన్ని కొంగుతో తుడిచి ప్రమిద శాంతికి అందించింది.

"నువ్వే వెలిగించమ్మా."

"అగ్గిపెట్టె నీదే తేవాలక్కా," అంది శాంతి. "మా ఇంట్లో అన్నీ తడిసిపోయాయి."

సుమతి ఇంట్లోకి వెళ్లి అగ్గిపెట్టె తీసుకుంది. కళ్లు తుడుచుకుని గాని బయటికి రాలేకపోయింది.