తాయారుకి లెక్కలొచ్చాయి

"బావా! నీ ఆరు తినేసినాది."

గుమ్మంలో నిలబడి పద్మకుమారి చెప్పిన ఈ మాటకి నరసింగరావు గాభరాగా లేచాడు. మూడేళ్ళయినా నిండని తాయారు సావిట్లో చాపమీద కాళ్ళు బారజాపుకుని, ఆరు చుక్కలున్న అట్టముక్కని తీరిగ్గా నములుతోంది. ఎర్రసిరా గడ్డం దాకా కారింది.

"అయ్యో! రెండ్రోజులు కూర్చుని చేసిన కార్డులవి!"

"పోన్లే. ఐదు తరవాత ఏడుకి ఎల్లిపో. ఇంత సిన్న గుంటకేటి తెలుస్తాది?"

"లెక్కలంటే నీకు నవ్వులాటగా ఉంది పద్మా. మూడేళ్ళ లోపు నేర్పిందే పిల్లల బుర్రలో నిలుస్తుందట. ఇంగ్లీషు మాగజైన్‌లో చదివాను."

"ఆ మాగజైన్‌లో సిరా తాగొచ్చని కూడా రాసినారా?"

తాయారుని చంకనేసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయింది. నడుస్తున్నంతసేపూ ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని నరసింగరావుకి అర్థమై ఒళ్ళు మండింది. ఆ నవ్వు ఇంకోసారి చూడాలని కూడా అనిపించింది.

నరసింగరావు విజయనగరంలో పుట్టి, అక్కడే బియ్యెస్సీ మాథ్స్ పాసై, అక్కడే హైస్కూల్లో లెక్కల మాస్టరయ్యాడు. ధాన్యం బస్తాల్లో వస్తుందని తప్ప దాని గురించి అతనికి ఎక్కువ తెలీదు. పందొమ్మిదివందల అరవయ్యెనిమిది వేసవి సెలవుల్లో, పురిటికి పుట్టింటికొచ్చిన వదినని చూడ్డానికి ఎచ్చెర్ల దగ్గర ఈ ఊరొచ్చాడు. వదినకి కొడుకు పుట్టాడు, చూడ్డమూ అయిపోయింది. అయినా కదల్లేదు. జూట్ మిల్లులో సెలవు దొరకని అన్నయ్య బదులు, అన్నయ్య కూతురు తాయారుకి చదువు చెబుతున్నానని అందరితో అన్నాడు. అసలు సంగతేమిటంటే, వదిన చెల్లెలు పద్మకుమారి ఆ ఇంట్లో తిరుగుతుండగా అతనికి బస్సెక్కే బుద్ధి పుట్టలేదు.

పద్మకుమారి స్కూలు ఫైనలు పాసై, శ్రీకాకుళంలో మూణ్ణెల్లు చంటిపిల్లలకి చదువు చెప్పే బాలవాడీ ట్రైనింగు చేసింది. ఆమె పద్ధతి వేరు. అట్టముక్కలు, చుక్కలు ఏమీ లేవు. మధ్యాహ్నం భోజనాల వేళ తాయారు చేతికి విస్తరాకులిచ్చి, "తాతకొకటి, అమ్మమ్మకొకటి, అలాగ అందరికీ ఎయ్యమ్మా" అంది. కావాలనే ఒక ఆకు తక్కువిచ్చింది.

తాయారు ఒక్కొక్కరి ముందూ ఆకు పరుచుకుంటూ వచ్చి, ఖాళీ చేతులతో నరసింగరావు దగ్గర ఆగిపోయింది.

"బాబాయికి నేదు!"

"ఎన్ని తెమ్మంటావు?"

"ఒకటి!"

పద్మకుమారి అతని వైపు చూసింది. "సూసినావా బావా? దానికి లెక్కొచ్చినాది. నీకే ఆకు రాలేదు."

తాయారు తాత దాలయ్య గుబురు మీసాల్లోంచి నవ్వాడు. అమ్మమ్మ జగ్గమ్మ నవ్వుతూ ఇంకో ఆకు తెచ్చి వేసింది. పరువు పోయిందని నరసింగరావు అనుకున్నాడు కాని, అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ సాయంత్రమే ఎవరూ చూడకుండా మిగిలిన కార్డులు పొయ్యిలో పెట్టేశాడు. మర్నాటి నుంచి బెల్లంముక్కలు, చింతపిక్కలు, కోడిపిల్లలు పాఠాలైపోయాయి. మూడోవారానికి తాయారు పదిదాకా గుక్కతిప్పుకోకుండా లెక్కపెడుతోంది. కనబడిన మొదటి వస్తువుకి వేలు చూపించి "ఒకటీ!" అని వీధి మొత్తం వినబడేలా కేకపెడుతోంది.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున్న జగ్గమ్మ కబురు చెప్పింది.

"బుధవారం ఆమదాలవలస నుంచి ఓవర్సీరోలు మన పద్మని సూడ్డానికి వస్తన్నారు. నువ్వూ ఉండు బాబూ, నలుగురూ ఉంటే బాగుంటాది."

నరసింగరావు చేతిలో ఉప్మా చేతిలోనే ఉండిపోయింది. పద్మకుమారి వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ చూపులో అల్లరి లేదు. 'ఏటైనా అంటావా, లేదా?' అన్నట్టుంది. క్లాసులో అరవైమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టే మాస్టరు తలొంచుకుని ఉప్మాలో కరివేపాకు ఏరడం మొదలుపెట్టాడు. ఆమె చప్పున లోపలికి వెళ్ళిపోయింది. ఆకాశంలో ఎక్కడో ఉరిమింది.

ఆ రోజంతా ఆలోచించి అతనో ఉపాయం పన్నాడు. సోమవారం పొద్దున్న దాలయ్య విత్తనాల వడ్లు కుంచంతో కొలుస్తాడు. ఏరువాక ముందు అది ఆ ఇంటికి పెద్ద శుభకార్యం. ఆ కుంచాలని మనవరాలు తన నోటితో లెక్కపెడితే తాత మనసు వెన్నలా కరిగిపోతుంది. ఆ కరిగిన ఘడియలో పద్మని అడిగెయ్యాలి.

ఆదివారం సాయంత్రం పద్మకుమారికి సగం ఉపాయమే చెప్పాడు. ఆమె మొహం మారిపోయింది.

"వడ్ల దగ్గరా? బావా, ఆగు, అక్కడ ఒక సంగతున్నాది..."

"నీ సంగతులు నాకొద్దు. నా పాఠాలు నెగ్గుతున్నాయని నీకు కుళ్ళు."

"నీ మంచికే..."

"రేపు చూద్దువుగాని!"

"అయితే నీ ఖర్మ!" అని ఆమె కాలితో పీటని ఓ తోపు తోసి వెళ్ళిపోయింది.

సోమవారం వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గేశారు. చాపమీద వడ్లరాశి, పక్కన పసుపు రాసిన కుంచం. దాలయ్య తూర్పుకి దణ్ణం పెట్టి, కుంచం నిండా వడ్లు తీసి పైకెత్తాడు. ఆయన నోరు తెరిచేలోపే నరసింగరావు తాయారుకి సైగ చేశాడు.

"ఒకటీ!"

ముగ్గు చిప్ప జగ్గమ్మ చేతిలోంచి జారిపోయింది. దాలయ్య వడ్లు మళ్ళీ రాశిలో పోసి, మళ్ళీ ముంచాడు. నోరు తెరిచాడు.

"ఒకటీ!"

మూడోసారి దాలయ్య కుంచాన్ని ఒళ్ళో దాచుకుని మరీ ఎత్తాడు. తాయారు వంగి తొంగిచూసి, బాబాయి మెచ్చుకుంటాడని ఇంకా గట్టిగా అరిచింది.

ఆ ప్రాంతంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ 'ఒకటి' అనరు. 'లాభం' అంటారు. ఆ తరవాతే రెండూ మూడూ. రాశి మీద పడే మొదటి మాట మంచిదైతే ఆ ఏడు పంట మంచిదని నమ్మకం. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆ సంగతి విజయనగరం బియ్యెస్సీకి తెలీదు.

"ఎవుడు నేర్పినాడే నీకిది?" అన్నాడు దాలయ్య.

తాయారు గర్వంగా నరసింగరావుకి వేలు చూపించింది.

"సదువుకున్నోడివి! ఇత్తనాల కాడ గుంటసేత ఇదేటనిపించినావు బాబూ? కొలత ఆపీండి. ఇయ్యాల నానింక కుంచం ముట్టను. నువ్వు సెప్పిన సదువు సాలు, ఊరెల్లిపో."

నరసింగరావు గదిలోకెళ్ళి సంచిలో బట్టలు కుక్కుతుంటే, ఎర్రబడ్డ కళ్ళతో పద్మకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సెప్పబోతే విన్నావా?"

"వినలేదు. తప్పు నాదే."

"అంత తొందరేటొచ్చింది నీకు?"

"బుధవారం ఓవర్సీరు వస్తున్నాడని." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "ఈలోపు మీ నాన్నని మంచి చేసుకుని, నిన్ను నాకిమ్మని అడుగుదామనుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం పద్మా. ఇంక అడిగే మొహం లేదు."

పద్మకుమారి గుమ్మం వదల్లేదు.

"మూడువారాలు గుంట నోట్లో అంకెలు కుక్కినావు గాని, ఈ ముక్క నాతో ఒక్కసారి అన్నావేటి?" అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "సంచి దించు. తెలీకపోతే తెలీదని నాన్నకి సెప్పు. నేర్పమని అడుగు. మేష్టరువైతే నేర్చుకోకూడదేటి?"

నరసింగరావు సంచి దించి, వాకిట్లో చుట్ట కాలుస్తున్న దాలయ్య ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మావయ్యా, నాకు తెలీక చేశాను. నాకు కొలత నేర్పండి."

దాలయ్య ఎగాదిగా చూశాడు. "నీ సేతికి ఇత్తనాలివ్వను. ఇసకతో కొలు."

ఇసక ముంచడం అనుకున్నంత తేలిక్కాదు. ఒకసారి వెలితి పడింది, ఒకసారి పొర్లి కాళ్ళమీద పడింది. చివరికి కుంచం సరిగ్గా నిండేసరికి ఉత్సాహం ఆపుకోలేక, "ఒకటి!" అనేశాడు.

ఫట్‌మని అతని చేతిమీద ఓ దెబ్బ పడింది. తాయారు!

"కాదు బాబాయ్! లాభం!"

దాలయ్య చుట్ట తీసేశాడు. పొద్దుట్నుంచి ఇంట్లో వాళ్ళందరూ ఆ మాటే గుసగుసలాడుకుంటుంటే పిల్ల వినేసింది. ఆయన అనుమానంగా జేబులోంచి బెల్లంముక్క తీసి చూపించాడు.

"ఇదెంతే?"

"ఒకటి."

"తాత వడ్లు కొల్తేనో?"

"లాభం. లెండు. మూడు."

బెల్లం చూపించి మళ్ళీ అడిగాడు. మళ్ళీ 'ఒకటి' అనే అంది. దాలయ్య మనవరాల్ని ఎత్తుకుని గిరగిరా తిప్పేశాడు.

"ఓలమ్మో! ఏ కాడ ఏటనాలో తెలిసిపోనాది! లెక్కంటే ఇదే గదా!" అని నరసింగరావు వైపు తిరిగాడు. "నీ సదువు మరీ తీసిపారీసీది కాదు మేష్టరూ. రేపు నా పక్కన కూకుని ఇత్తనాలు కొల్దూగాని."

నరసింగరావు చేతులకంటిన ఇసక దులుపుకున్నాడు. ఈసారి ఉపాయమేదీ లేదు.

"మావయ్యా, నాకు పద్మనివ్వండి."

టపటపా నాలుగు చినుకులు పడ్డాయి. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

"బుధవారం ఓవర్సీరోలు వస్తన్నారు గదా బాబూ," అన్నాడు దాలయ్య మెల్లిగా. "నానేటి సెప్పాలి ఆలకి?"

తలుపు చాటునుంచి పద్మకుమారి వాకిట్లోకి వచ్చింది. చేతులకి పిండి అంటుకునే ఉంది.

"రావద్దని సెప్పు నాన్నా. నాకు బావంటే ఇష్టం. తప్పు చేస్తే ఒప్పుకుంటాడు, తెలీనిది అడుగుతాడు. అలాంటోడితో నేను బతగ్గలను."

దాలయ్య భార్య వైపు చూశాడు. జగ్గమ్మ అప్పటికే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడుస్తోంది.

"ఇంకేటి మరి?" అన్నాడాయన. "మీ అన్నకి ఉత్తరం రాయి బాబూ. పెద్దోల్లని బయల్దేరమను. ఆమదాలవలసకి నాను కబురెట్టుకుంటాను."

చినుకులు జోరందుకున్నాయి. అందరూ సావిట్లోకి పరిగెత్తారు. నరసింగరావు పోస్టుకార్డు, కలం తీసుకుని కూర్చుని, కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఏం రాయను పద్మా?"

"నేను సెప్తాను, రాసుకో."

ఆమె పక్కనే చాపమీద కూర్చుంది. 'అన్నయ్యకి నమస్కారములు' దాకా అతనే రాశాడు. ఆ తరవాత పద్మకుమారి చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క మార్చకుండా దించాడు.

"పద్మకి నేనంటే ఇష్టమట. మావయ్యగారి ఎదుట నిలబడి చెప్పింది. అంత ధైర్యం నాకు లేకపోయినా నన్నే చేసుకుంటానంటోంది. మీరు వెంటనే రావలెను."